నదికి రావలసిన నేల

వరద తెచ్చే నష్టాన్ని న్యాయశాస్త్రం చాలాకాలంగా ‘దైవ ఘటన’ అనే పద్దు కింద రాసుకుంటూ వస్తోంది. మనిషి ముందుగా ఊహించలేనిదీ, ఊహించినా తగిన జాగ్రత్తతో తప్పించలేనిదీ అయిన ప్రకృతి ఉత్పాతానికి ఎవరినీ బాధ్యులను చేయకూడదన్నది ఈ భావన సారాంశం. గుత్తేదారుల ఒప్పంద పత్రాల్లో ఇది ఇప్పటికీ ఒక షరతుగా కనిపిస్తుంది. నిజానికి ఈ మాటలో దైవభక్తి ఏమీ లేదు. బాధ్యుడు దొరకని చోట ఖాళీగా మిగిలిన గడిలో దేవుడి పేరు రాయడమే ఉంది. అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1945లో వెలువడిన తన పరిశోధన గ్రంథంలో ఈ అలవాటును నిలదీశాడు. నీరు పొంగడం ప్రకృతి పనే అయినా, ఆ నీటివల్ల ఎంత నష్టం జరుగుతుందన్నది మనుషులు ఎక్కడ ఇళ్లు కట్టారు, ఎక్కడ పంట వేశారు, ఏ గట్టును నమ్ముకుని ఏ పల్లంలో స్థిరపడ్డారు అన్నదాన్నిబట్టి తేలుతుందని ఆయన వాదన. ఆయన క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన నిష్ఠాపరుడు కావడం గమనించదగిన విషయం. నాస్తికుడు దేవుణ్ణి లెక్కలోంచి తీసేయడంలో వింత లేదు. ఒక విశ్వాసి దేవుడి మీద మోపిన నిందను దించి మనిషి భుజాన పెట్టడం మాత్రం మతపరంగా కూడా ఆలోచించవలసిన సంగతి.

నింద దేవుడిదీ కాదు, నదిదీ కాదు అని ఒప్పుకున్న మరుక్షణం ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: వరద నీరు పరుచుకునే నేల అసలు ఎవరిది? నది పొంగినప్పుడు మాత్రమే మునిగి, మిగతా కాలమంతా పొడిగా ఉండే ఒడ్డు పక్క చదును నేలను జలశాస్త్రం వరద మైదానం అంటుంది. ఆ మైదానాన్ని వేల ఏళ్లపాటు ఒండ్రు పేర్చి తయారుచేసింది నది. పట్టాదారు పుస్తకంలో దానికి యజమానిగా నమోదైనవాడు మనిషి. ఈ ఇద్దరిలో ఎవరి హక్కు ముందుది, అది ఎలాంటి హక్కు, దాన్ని గుర్తించడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నవి పైకి ఇంజనీర్లు తేల్చవలసిన విషయాలుగా కనిపించినా, అడుగున ఉన్నది ధర్మవిచారమే. వరదల విషయంలో ప్రకృతి ఆధారిత పద్ధతులు అనే మాట ప్రచారంలోకి వచ్చాక ఈ విచారం తప్పించుకోవడానికి వీల్లేనిదైంది, ఎందుకంటే ఆ పద్ధతులన్నీ చివరికి నదికి కొంత నేల వదలమని అడిగేవే.

ఆ పద్ధతుల వెనకున్న సూత్రంలో మర్మమేమీ లేదు. పరీవాహక ప్రాంతంలో, అంటే ఒక నదిలోకి నీరు చేర్చే మొత్తం నేల మీద, కురిసిన వాన అంతా ఒక్కసారే ఊరి దగ్గరకు చేరితే ప్రవాహం చూస్తుండగానే గరిష్ఠ స్థాయికి లేస్తుంది. అదే నీరు చిత్తడి నేలల్లో నిలిచి, అడవి మట్టిలో ఇంకి, వంకరలు తిరిగే వాగులో నిదానించి, గంటల తరబడి విడతలుగా వస్తే మొత్తం పరిమాణం దాదాపు అంతే ఉన్నా ఆ గరిష్ఠ స్థాయి తగ్గుతుంది. ఊళ్లను ముంచేది ఏడాది పొడవునా పారిన నీరు కాదు, ఆ కొన్ని గంటల ఉధృతి. ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షర్‌లో పికరింగ్ అనే చిన్న పట్టణం 1999 నుంచి 2007 లోపల నాలుగు సార్లు మునిగింది. పట్టణం మధ్య వరద గోడ కట్టడానికయ్యే ఖర్చుకు తగిన ప్రయోజనం రాదని తేలాక, 2009 నుంచి అక్కడ ఎగువ కొండల్లో పని మొదలైంది. అడవి వాగులకు అడ్డంగా 167 చోట్ల దుంగలు అమర్చారు. దుంగ అడుగున కొంత సందు ఉంటుంది. మామూలు రోజుల్లో నీరూ చేపలూ ఆ సందులోంచి ఏ అడ్డూ లేకుండా సాగిపోతాయి. వాన పెరిగి నీటి మట్టం దుంగను తాకిన తర్వాతే అది అడ్డం నిలిచి, ఎక్కువైన నీటిని పక్కనున్న చెట్ల మధ్యకు మళ్లిస్తుంది. పైన బీడు కొండల మీది కాలువలకు ఎండు పొదల మోపులతో చిన్న కట్టలు వేశారు, చెట్లు నాటారు, దిగువన లక్షా ఇరవై వేల ఘనమీటర్ల నీరు ఆగేలా ఒక మట్టికట్ట పోశారు. 2015 డిసెంబరు చివర ఉత్తర ఇంగ్లండ్ అంతా వరదల్లో ఉన్నప్పుడు పికరింగ్ దగ్గర గరిష్ఠ ప్రవాహం 15 నుంచి 20 శాతం తగ్గిందని, అందులో సుమారు సగం ఎగువ నేలల్లో చేసిన పనుల ఫలితమని తర్వాతి అంచనా.

అదే దేశంలో ఈ పనిని కూలీ లేకుండా చేసే జంతువు ఒకటుంది. బీవర్ అనే ఈ జంతువు ఎలుక వర్గానికి చెందినది. పళ్లతో చెట్లు కొరికి పడగొట్టి, కొమ్మలూ బురదా రాళ్లూ కలిపి వాగుకు కట్ట కట్టి, ఆ మడుగులో నివసిస్తుంది. తోలు కోసమూ మాంసం కోసమూ వేటాడడంవల్ల బ్రిటన్‌లో సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఇది అంతరించిపోయింది. 2011లో డెవన్ ప్రాంతంలో మూడు హెక్టార్ల చోటుకు కంచె వేసి ఒక జంటను వదిలితే, కొన్నేళ్లలో ఆ సన్నని వాగు మీద 13 మడుగులు వరుసగా ఏర్పడి సుమారు పది లక్షల లీటర్ల నీటిని పట్టి ఉంచాయి. మొదట్లో పది కనిపించిన కప్ప గుడ్ల ముద్దలు వందల్లోకి పెరిగాయి. అదే ప్రాంతంలోని ఆటర్ నది మీద 2015 నుంచి ఐదేళ్లు పరిశీలించాక ప్రభుత్వం అక్కడి బీవర్లను ఉండనిచ్చింది. అయితే ఈ పద్ధతులకు హద్దు ఉంది, ఆ హద్దు చెప్పకుండా వీటిని పొగిడేవారు వీటికే ద్రోహం చేస్తున్నారు. నేల అప్పటికే తడిసి ముద్దయి ఉన్నప్పుడు కురిసే కుంభవృష్టిని దుంగలూ మడుగులూ ఆపలేవు. 2021 జులైలో మ్యూస్ నదికి చోటు పెంచిన నెదర్లండ్స్‌లో ప్రధాన నది పక్క ఊళ్లు చాలావరకు నిలబడినా, ఉపనది ఒడ్డునున్న వాల్కెన్‌బర్గ్ మునిగింది. సరిహద్దు అవతల జర్మనీలో అదే వాన నూట ఎనభై మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఈ పద్ధతులు భారతీయ సంప్రదాయానికి కొత్త కావని, నదిని తల్లిగా కొలిచే జాతికి వేరొకరు చెప్పవలసినది లేదని తరచూ వినిపించే మాట ఇక్కడ పరీక్షకు నిలవదు. పురాణాల్లో నది పట్ల భక్తితో పాటు నదిని లొంగదీసుకునే కథలకూ కొరత లేదు. రామాయణ బాలకాండలో భగీరథుడి వెంట వస్తున్న గంగ జహ్ను మహర్షి యజ్ఞవాటికను ముంచెత్తుతుంది. ఆయన దాన్ని ఆమె గర్వంగా భావించి మొత్తం నదిని తాగేస్తాడు, దేవతలు ప్రార్థిస్తే చెవుల గుండా వదులుతాడు, ఆమె ఆయన కూతురై జాహ్నవి అవుతుంది. భాగవత దశమ స్కంధంలో బలరాముడు పిలిస్తే రాని యమునను నాగలితో లాగుతాడు. శివుడి జటాజూటాన్ని హిమాలయ అడవులకు సంకేతంగా చదివి సంతోషించే పర్యావరణ రచయితలు ఈ రెండు కథలను ఎందుకో పక్కన పెడతారు. జహ్నువు కథలో వరద ఒక అపరాధం, నది దోషి, యజ్ఞవాటిక మాత్రం అక్కడ ఉండవలసినదేనా అని ఎవరూ అడగరు. గోదావరి జిల్లాల్లో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టనూ, దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్‌నూ జనం ఇప్పటికీ దైవసమానంగా తలచుకోవడంలో ఆ బలరామ భక్తి కూడా కొంత ఉంది. క్షామాలు చూసిన ప్రజలకు ఆ కృతజ్ఞత న్యాయమైనదే. కనుక సంప్రదాయం పూజ నేర్పింది కాబట్టి చోటు ఇవ్వడమూ నేర్పిందని అనుకోవడానికి లేదు. పుష్కరాలకు కోట్లాది మంది మునిగే నది ఒడ్డునే సిమెంటు ఘాట్లు ప్రవాహానికి ఎదురొచ్చేలా కట్టడం, ఆ రెంటి మధ్య వైరుధ్యం ఎవరికీ తోచకపోవడం ఇందుకు చాలినంత సాక్ష్యం.

నాగలితో లాగడమే పరిష్కారమని నమ్మిన చోట ఏమవుతుందో బిహార్‌లోని కోసీ చూపింది. 1950ల మొదట్లో ఆ రాష్ట్రంలో కరకట్టల పొడవు సుమారు 160 కిలోమీటర్లు, వరద ముప్పున్న నేల 25 లక్షల హెక్టార్లు; తర్వాతి దశాబ్దాల్లో కరకట్టలు 3,400 కిలోమీటర్లు దాటగా ముప్పున్న నేల దాదాపు 69 లక్షల హెక్టార్లకు చేరింది. కారణం అంతుపట్టనిది కాదు. రెండు కట్టల మధ్య ఇరుక్కున్న నది తన ఒండ్రును మైదానం మీద పరచలేక అడుగునే పేర్చుకుంటుంది, దాంతో నది అడుగు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తవుతుంది. కట్ట వెలుపల కురిసిన నీరు నదిలోకి పోలేక నిలిచిపోతుంది. కట్టను నమ్ముకుని జనం ఇంకా పల్లంలోకి దిగుతారు. ఒకనాడు కట్ట తెగితే వచ్చే వరద పూర్వపు వరదలాంటిది కాదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కట్ట తెగి కోసీ తన పాత దారి పట్టినప్పుడు బిహార్‌లో ముప్ఫై లక్షలకు పైగా ప్రజలు చిక్కుకున్నారు, ఆ దారిలో వరద రావడమే మరిచిపోయిన తరాలవారు వాళ్లు.

పూజలో దొరకని సమాధానం సంప్రదాయంలోని ఇంకొక ఆచారంలో ఉంది, దాన్ని ఈ చర్చలో ఎవరూ పెద్దగా తలచుకోరు. వానాకాలంలో సన్న్యాసి ప్రయాణం మాని ఒకేచోట ఉండిపోవడాన్ని చాతుర్మాస్యం అంటారు. బౌద్ధ వినయపిటకం ఈ నియమం పుట్టిన సందర్భాన్ని చెబుతుంది: వానల్లో భిక్షువులు తిరుగుతూ పచ్చగడ్డినీ, చిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని, ఆ కాలంలో పక్షులు కూడా గూట్లో ఉంటాయని ప్రజలు ఆక్షేపిస్తే బుద్ధుడు వర్షావాసాన్ని విధించాడు. జైన సాధువులు దీన్ని మరింత కచ్చితంగా పాటిస్తారు. హిందూ పీఠాధిపతులు ఈ దీక్ష ముగిశాకే సీమోల్లంఘనం, అంటే హద్దు దాటడం, చేస్తారు. ధర్మశాస్త్ర నిబంధ గ్రంథాలు వర్షారంభ మాసంలో నదులు రజస్వలలని, గంగ వంటి మహానదులను మినహాయించి తక్కినవాటిలో స్నానం కూడదని విధించడం కూడా ఈ వరుసలోదే. ఆ విధిలోని మైల భావన స్త్రీ పట్ల అన్యాయమైనదే అయినా, కొత్తనీరు వచ్చేవేళ మనిషి ఒడ్డు నుంచి వెనక్కి జరగాలన్న ఫలితం మాత్రం అందులో ఉంది. ఈ ఆచారాల్లో గమనించవలసిన తత్త్వం ఒకటే: దారి మనిషిదే, ఏడాదిలో అధిక భాగం అతడు దానిమీద నడుస్తాడు, కానీ కొన్ని నెలలు అది అతడిది కాదు. హక్కుకు రుతువు ఉంది. ఆధునిక భూమి చట్టానికి తెలియనిది సరిగ్గా ఇదే. రిజిస్ట్రేషన్ కాగితం ఆషాఢంలో ఎంత చెల్లుతుందో మాఘంలోనూ అంతే చెల్లుతుంది.

నేల విషయంలో రుతువుల హక్కు ఊహాజనితం కాదనడానికి గోదావరి లంకలే నిదర్శనం. నది మధ్య ఒండ్రుతో ఏర్పడిన ఈ దీవుల్లో వరద తీశాక మిగిలిన కొత్త మట్టిలో పొగాకూ, కూరగాయలూ, అరటీ పండిస్తారు. శ్రావణ భాద్రపదాల్లో అదే నేల మీద నీరు నిలుస్తుంది. ఒక ఒడ్డు కోసుకుపోయి ఇంకోచోట మేట వేస్తే సాగు కూడా దానివెంట జరుగుతుంది. లంక రైతు వరదను కోరుకుంటాడని చెప్పడం అతిశయోక్తి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు ఈ లంకలు పడిన పాట్లు తెలిసినవారెవరూ అలా అనరు. వరద రావడాన్ని మాత్రం అతడు అక్రమ చొరబాటుగా భావించడు. రైన్ నది చివర నెదర్లండ్స్‌లో ఇదే ఏర్పాటు గట్ల రూపంలో ఉంది: నదికి దగ్గరగా తక్కువ ఎత్తులో వేసవి గట్టు, దూరంగా ఎత్తయిన శీతకాలపు గట్టు, ఈ రెంటి మధ్య పచ్చిక బయళ్లలో వేసవిలో పశువులు మేస్తాయి, చలికాలంలో నది పరుచుకుంటుంది. శతాబ్దాల క్రమంలో ఈ మధ్య నేలను ఇటుక బట్టీలూ ఇళ్లూ ఆక్రమించి ఇరుకు చేశాయి. 1995లో నీరు గట్ల అంచుకు వచ్చి సుమారు రెండున్నర లక్షల మందిని తరలించవలసి వచ్చాక, గట్లు ఇంకా లేపడం మాని నదికి చోటు పెంచాలన్న కార్యక్రమం రూపుదిద్దుకుంది. ముప్ఫైకి పైగా చోట్ల, సుమారు 230 కోట్ల యూరోల ఖర్చుతో అది అమలైంది. నైమెగెన్ నగరం దగ్గర గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి, వాల్ నదికి పక్కన కొత్త పాయ తవ్వినప్పుడు అక్కడి గరిష్ఠ నీటి మట్టం 35 సెంటీమీటర్లు తగ్గే వీలు కలిగింది. దానికోసం దాదాపు యాభై ఇళ్లు పోయాయి.

ఆ యాభై ఇళ్ల దగ్గరే అసలు ధర్మసంకటం మొదలవుతుంది. నదికి నేల వదలడాన్ని దానంగా భావిస్తే, దాత ఉదారుడు, నది గ్రహీత. ఎంత ఇవ్వాలో దాత ఇష్టం, ఇచ్చినందుకు పుణ్యం దాతది. దాన్ని రుణంగా భావిస్తే లెక్క మారుతుంది. తైత్తిరీయ సంహిత మనిషి పుట్టుకతోనే రుషులకూ, దేవతలకూ, పితరులకూ రుణపడి ఉంటాడని చెప్పింది. శతపథ బ్రాహ్మణం దానికి మనుష్య రుణాన్ని కూడా చేర్చింది. అప్పు తీర్చినవాడికి ప్రత్యేక పుణ్యం లేదు, తీర్చకపోతే దోషం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పు తీర్చవలసినవాడు దాన్ని వాడుకున్నవాడే. వరద మైదానం నది దగ్గర తీసుకున్న అప్పు అయితే, దాన్ని వాడుకుని లాభపడినదెవరో విచారించకుండా, నీటి అంచున చివరికి వచ్చి గుడిసె వేసుకున్నవాడి చేత దాన్ని తీర్పించడం ధర్మం కాదు. ప్రకృతి ఆధారిత పద్ధతుల గురించిన రచనల్లో చాలావాటికి ఈ వివేచన లేదు. నదికి చోటివ్వాలన్న వాక్యంలో ఇచ్చేవాడెవడో చెప్పకుండా వదిలేయడం వాటి అలవాటు.

నెదర్లండ్స్‌లోనే బెర్ఖ్‌షె మాస్ నది పక్కనున్న ఓవర్‌డీప్ పల్లం కథ ఇందుకు భిన్నంగా సాగింది. తమ పొలాలు వరద నీటికి వదలవలసినవిగా గుర్తించారని తెలిశాక అక్కడి రైతులు ఎదురు తిరగలేదు, తలవంచనూ లేదు. కొత్త గట్టు వెంబడి మట్టి దిబ్బలు పోసి, ఇళ్లూ పశువుల కొట్టాలూ వాటిపైకి చేర్చి, కింది పొలాన్ని అరుదైన వరదలకు వదిలే పథకాన్ని తామే ముందుకు తెచ్చారు. ఎనిమిది దిబ్బలు లేచాయి. అందరికీ దిబ్బ మీద చోటు సరిపోలేదు, కొందరు పరిహారం తీసుకుని వెళ్లిపోయారు. అయినా అప్పు దేశమంతటిదని, తీర్చడంలో ఖర్చు ఖజానాదని అక్కడ ఒప్పుకోలు జరిగింది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లమైన కొల్లేరు సరస్సులో ఇది ఎలా జరగకూడదో అలాగే జరిగింది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్ల వరదను పట్టుకుని, నిదానంగా ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే ఈ సరస్సు గర్భంలోని నేలను 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా పేదలకు చేపల చెరువుల కోసం పంచింది. కాలక్రమంలో ఆ చెరువులు చాలావరకు డబ్బున్నవారి లీజుల్లోకి పోయాయి. 1999లో ఐదడుగుల కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీత, లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలపై చెరువు గట్లు తెగ్గొట్టారు. లీజుదారు పెట్టుబడి తీసుకుని ఇంకోచోటికి పోగలిగాడు. పట్టా పొందిన మత్స్యకారుడికి నేలా పోయింది, సరస్సూ పూర్వంలా తిరిగి రాలేదు, గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. నది పేరిట జరిగిన న్యాయం మనిషికి అన్యాయమైతే అది నదికీ నిలవదని కొల్లేరు చూపింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం ఉండడంవల్ల బుడమేరు నుంచి వచ్చే మళ్లింపు కాలువ నీటిని నది తీసుకోలేకపోయింది, ఏటి పాతదారిలో ఇళ్లు నిండి ఉన్నాయి. ఆ ఇళ్లలోవారు ఎక్కువమంది చవకగా దొరికిన చోట ఇల్లు కట్టుకున్న రోజుకూలీలూ, చిరుద్యోగులూ. అక్కడ నేల ఎందుకు చవకగా దొరికిందన్న ప్రశ్న వాళ్లను కాక, ఆ లేఅవుట్లు వేసినవారినీ, వేయనిచ్చినవారినీ అడగవలసినది.

జంతుజాలం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. బీవర్ కట్ట వరద తగ్గిస్తుంది కాబట్టి బీవర్ ఉండాలి, మడ అడవి ఉప్పెనను నెమ్మదింపజేస్తుంది కాబట్టి మడ అడవి ఉండాలి అన్న వాదన విధాన నిర్ణేతలను ఒప్పించడానికి పనికొస్తుంది. కానీ అందులో ప్రాణి ఉనికి దాని ఉపయోగం మీద ఆధారపడిపోతుంది. గృహస్థుడి పంచ మహాయజ్ఞాల్లో ఒకటైన భూతయజ్ఞంలో కుక్కలకూ, కాకులకూ, పురుగులకూ నేల మీద అన్నం పెట్టాలన్నారు. కాకి తిరిగి ఏం చేస్తుందన్న ప్రసక్తి అందులో లేదు. అస్సాంలోని కాజీరంగా ఈ రెండు దృష్టుల మధ్య తేడాను చూపుతుంది. అక్కడ బ్రహ్మపుత్ర వరద బీళ్లు అని పిలిచే మడుగుల్లోంచి గుర్రపుడెక్కను కడిగి, చేప పిల్లలను చేర్చి, గడ్డిమైదానాలు అడవిగా మారిపోకుండా కాపాడుతుంది. ఖడ్గమృగానికి మేత ఆ గడ్డే. అదే వరద 2017లోనూ 2024లోనూ వందల జంతువులను చంపింది. మునిగే మైదానం నుంచి దక్షిణాన కార్బీ కొండల మెరకకు పరుగెత్తే జింకలు మధ్యలో జాతీయ రహదారి దాటాలి, కొన్ని వాహనాల కింద పడతాయి. చంపేదీ బతికించేదీ ఒకే నీరైనప్పుడు దాన్ని మంచిదనో చెడ్డదనో తేల్చడం మనిషికి సాధ్యపడదు. జంతువు వెనక్కి జరిగే దారిని మూయకుండా ఉండడం సాధ్యపడుతుంది. ఉపయోగవాదం ఇంతవరకు రాలేదు, ఎందుకంటే దారి వదలడంవల్ల కార్బీ కొండల కింద ఎవరికీ వరద తగ్గదు.

నది హక్కును చట్టంలోకి తేవడానికి ఇటీవలి ప్రయత్నాలు నదిని వ్యక్తిగా ప్రకటించే మార్గం పట్టాయి. 2017 మార్చిలో న్యూజీలాండ్ పార్లమెంటు మావోరీ ప్రజల పూర్వీక నది వాంగనూయిని చట్టబద్ధమైన వ్యక్తిగా గుర్తించింది. అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు అదే హోదా ఇచ్చి కొందరు అధికారులను సంరక్షకులుగా నియమించింది. భారతీయ న్యాయానికి ఇది పూర్తిగా అపరిచితం కాదు. దేవాలయంలోని మూర్తి ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి అని, దాని తరఫున మాట్లాడడానికి నిష్పాక్షికుడైన ప్రతినిధి ఉండవచ్చునని 1925లోనే ప్రివీ కౌన్సిల్ ఒక కేసులో అంగీకరించింది. ఉత్తరాఖండ్ ప్రభుత్వం మాత్రం సుప్రీంకోర్టుకు వెళ్లి, నది వ్యక్తి అయితే వరదలో నష్టపోయినవారు ఎవరిమీద దావా వేయాలని అడిగింది. 2017 జులైలో ఆ తీర్పు అమలు నిలిచిపోయింది. ప్రభుత్వం అడిగినది వాదనాచాతుర్యంగా కొట్టివేయదగినది కాదు. దైవ ఘటన పద్దులోంచి తీసిన నేరాన్ని ఈసారి నది పేరుతోనే తిరిగి రాసే ప్రమాదం అందులో బయటపడింది, జహ్నువు యజ్ఞవాటికలో గంగ నిలబడిన చోటే మళ్లీ ఆమె నిలబడవలసి వస్తుంది. హైకోర్టు నదికి వ్యక్తిత్వం ఇచ్చింది గాని ఆ వ్యక్తికి ఉన్న ఆస్తి ఏదో నిర్ణయించలేదు. మూర్తి విషయంలో చట్టం ముందుగా చూసేది మాన్యం హద్దులు. ఆ హద్దుల లోపల దేవుడు ఎవరికీ చొరబాటుదారు కాడు, అర్చకుడు అందులో సెంటు నేల అమ్మినా వ్యాజ్యానికి గురవుతాడు. వానాకాలపు నెలల్లో నదికి చెందే నేల ఎంతవరకో మ్యాపులో గీసి ఉంటే, దాని లోపల జరిగిన నష్టానికి నదిని కాక, అక్కడ లేఅవుట్‌కు అనుమతి ఇచ్చినవారిని బోనెక్కించవచ్చు.

తెలుగు నేలలో అలాంటి గీత ఒకటి ఇప్పటికే ఉంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి చుట్టూ ఉన్న సరస్సుకు ఐదడుగుల కాంటూరు చట్టం గీసిన హద్దు. దాన్ని మూడడుగులకు దించాలని 2008లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది; కేంద్రం నియమించిన నిపుణుల సంఘం ఆ ప్రతిపాదనను సమర్థించలేదు. మూడుకూ ఐదుకూ మధ్యనున్న నేలలో తరతరాల జిరాయితీ భూములున్న రైతులూ ఉన్నారు, ప్రభుత్వం పంచిన నేలకు డీ ఫారం పట్టాలు పొందిన కుటుంబాలూ ఉన్నాయి, వాళ్ల పేర్లతో ఇతరులు సాగించే చెరువులూ ఉన్నాయి. గీతను ఎక్కడ ఉంచాలన్న వాదం ఎన్నికల సభల నుంచి న్యాయస్థానాల దాకా సాగుతూ వచ్చింది. ఈ మూడు రకాలవారిలో ఎవరికి పరిహారం రావాలి, ఎవరికి రాకూడదు, ఎవరి నుంచి వసూలు చేయాలి అన్న లెక్క మాత్రం గీత కన్నా ముందే తేలవలసినది.